శీనుకు, బిడ్డ పేస్టు గురించి

ఒరేయ్ శీనూ,

బిడ్డ కోసం ఫ్లోరైడ్ లేని పేస్టు వెతుకుతున్నానని రాశావు. నవ్వబోయి ఆగాను. నల్గొండ జిల్లా మర్రిగూడ పక్క ఫ్లోరైడ్ నిండిన బోరింగ్ నీళ్లు తాగి పెరిగినోళ్లకు ఆ పేరంటే భయం కాక ఇంకేముంటుంది? నీ ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు, బడి ఫొటోలో పెదాలు బిగించి నిలబడ్డ మనం, నడుములు వంగిన పెద్దోళ్లు. మన ఊళ్ల పక్క నుంచే కృష్ణా నీళ్ల పైపులు పట్నానికి పోతుంటే మనం బోరింగ్ కొట్టుకున్నాం, ఆ మంట నాకిప్పటికీ చల్లారలేదు.

కానీ దంత వైద్యుడిగా చెప్తున్నా, ఆ ఫ్లోరైడ్ చేసిన పని వేరు, పేస్టులోది చేసే పని వేరు. మన పళ్లు చెడింది బయటికి రాకముందే. దవడలో పన్ను తయారయ్యే రోజుల్లో కడుపులోకి పోయిన ఫ్లోరైడ్ ఎక్కువైతే పన్ను పైపొర, అదే ఎనామెల్, సరిగ్గా గట్టిపడదు. పేస్టులోది మింగడానికి కాదు, వచ్చేసిన పన్నుకు తగలడానికి. తీపి తిన్నప్పుడల్లా నోట్లోని సూక్ష్మజీవులు ఆమ్లం వదులుతాయి, అది పన్నులోని కాల్షియాన్ని లాగేస్తుంది. పోయినదాన్ని నోట్లో ఊరే ఉమ్మి మెల్లగా తిరిగి నింపుతుంది. అక్కడ కాస్త ఫ్లోరైడ్ ఉంటే ఆ పూడిక గట్టిగా పడుతుంది.

లెక్క చూడు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. మన బోర్లు కొన్నింట్లో అంతకు ఎన్నో రెట్లు, పైగా అన్నమూ పప్పూ వాటితోనే ఉడికేవి. 1000 పీపీఎం పేస్టు, అంటే కిలోకు 1000 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నది, బఠాణీ గింజంత వేస్తే పావు మిల్లీగ్రాము, అదీ మొత్తం మింగితే! మూడేళ్లలోపు పిల్లలకైతే బియ్యపు గింజంత చాలు. టీవీలో బ్రష్ పొడవునా పరిచేది అమ్మకం కోసంరా. తోమాక ఉమ్మేయమను, గ్లాసుడు నీళ్లతో పుక్కిలించి ఉన్నదంతా కడిగేయొద్దు.

అసలు నన్నడిగితే పేస్టు కన్నా ముందు చూడాల్సింది వేరే ఉంది. బిడ్డకు ఆరేళ్లు కదా? చివరి పాల పన్ను వెనక దవడ పన్ను వస్తుంటుంది. ఏదీ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది దాన్నీ పాల పన్నే అనుకుని, పిప్పి పడితే పోతే పోనీ అంటారు. అది పోతే మళ్లీ రాదు. టార్చి వేసి చూడు, పైన సన్నటి గాడులుంటాయి, బిస్కెట్ ముద్ద ఇరుక్కుంటే బ్రష్ వెంట్రుక కూడా దూరదు. పన్ను పూర్తిగా పైకొచ్చాక ఆ గాడులు మూస్తూ పూత వేస్తాం. సూది లేదు, మిషన్ లేదు, బిడ్డ ఏడవదు.

రాత్రి తోమడం మాత్రం నువ్వే చెయ్యి, ఇంకో ఏడాది రెండేళ్లు. నిద్రలో ఉమ్మి తగ్గిపోతుంది, పాలు తాగి అలాగే పడుకుంటే పళ్లకు కాపలా ఉండదు.

ఇక నీ సంగతి. గార తీయిస్తే పళ్లు కదులుతాయని మీ మామ చెప్పాడని ఆగిపోయావట. గార రాయిలా గట్టిపడి పళ్ల మధ్య సందులు పూడుస్తుంది, తీసేస్తే ఆ సందు నాలుకకు తగిలి వదులైనట్టుంటుంది, అంతే. నిజంగా పన్ను కదిలించేది చిగురు కింద చేరిన గారే. రక్తం వస్తోందని బ్రష్ మానేశానంటున్నావు చూడు, ఆ రక్తం చిగురు వాపుది. మెత్తటి బ్రష్‌తో అక్కడే ఇంకాస్త శ్రద్ధగా తోము.

బిడ్డను తీసుకుని వచ్చే ఆదివారం రా. ఆమె తర్వాత కుర్చీ ఎక్కేది నువ్వే, మీ మామకు చెప్పకు.

నీ
రవి