తిప్పతీగ మాట

బొబ్బిలి
ఆదివారం

బుజ్జీ,

నువ్వు ఫోన్ చేసి పన్నెండు రోజులైంది. ఖాళీ ఉండదులే. ఇక్కడ వానలు బాగానే పడుతున్నాయి. దడి మీదకి బీరపాదు ఎక్కింది. నాన్న మోకాలు మామూలే.

రెండు నెలలుగా రోజూ పరగడుపున తిప్పతీగ కషాయం తాగుతున్నావట, చిన్నత్త అంది. తిట్టడానికి రాయట్లేదు. జ్వరాలకి మన ఇళ్లలో ఉన్నదే అది. బొటనవేలు లావు కాడ జానెడు తీసుకుని, పైపొర గీకి, దంచి, రెండు గ్లాసుల నీళ్లు అరగ్లాసయ్యేదాకా మరిగించి నాలుగు రోజులు ఇస్తారు. నెలల తరబడి టీలాగ తాగేది కాదు.

ఇంతకీ ఎక్కడ కోశావు? కాడ చూడు. మనదైతే ముదురు కాడ మీద కాగితంలాంటి పొర ఉంటుంది, గోటితో గీకితే లోపల పచ్చన. ఒళ్లంతా బొడిపెలుండి, కోస్తే పాలు కారితే అది వేరే జాతి, పారెయ్.

అసలుదే అయినా నీకొద్దు. మన రక్షణ కణాలే థైరాయిడ్‌ని తినేస్తున్న రకమని నీ డాక్టర్ చెప్పారు కదా. తిప్పతీగ ఆ కణాల్నే రెచ్చగొడుతుంది, అవి కాలేయం మీద పడొచ్చు. గిలోయ్ (మన తిప్పతీగే, హిందీలో పేరది) తాగి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి ముంబై డాక్టర్లు 2021లో రాశారు. పైగా పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకున్నాక గంటసేపు మంచినీళ్లు తప్ప ఇంకేమీ పడకూడదు. మరి కషాయం ఎప్పుడు తాగుతున్నావే?

పెదమామయ్య సంగతి తెలుసా? షుగర్ మాత్ర వేసుకుని, పైన కషాయం తాగి, చద్దన్నం తర్వాత తింటానని చేనుకెళ్లిపోయాడు. చేనుగట్టు మీదికి ఎక్కేసరికి చెమటలు, చేతులు వణుకు. ఎండదెబ్బ అనుకుని చెట్టుకింద పడుకోబెట్టారట. మీ అత్త గంజి పట్టుకెళ్లి చూసి, మెలకువగానే ఉన్నాడని బెల్లంనీళ్లు తాగించింది. పావుగంటకి లేచి కూర్చుని, మళ్లీ కషాయం గిన్నె ఎక్కడన్నాడట! అదీ షుగర్ దించుతుంది, మాత్రా దించుతుంది, కడుపు ఖాళీ. ఇంకేటవుతుంది?

నీకు షుగర్ లేదులే. కానీ ఇంకేదైనా విశేషం ఉండి చెప్పట్లేదా? ఉంటే మరీ ముట్టుకోకూడదు.

ఈరోజే ఆపెయ్. మూత్రం ముదురు పసుపుగా వస్తోందా, ఆకలి తగ్గిందా, ఒళ్లు దురదా, కళ్లు పసుపా? ఏ ఒక్కటున్నా ఆ రోజే డాక్టర్ దగ్గరికెళ్లు, తాగిన సంగతి దాచకు. ఏమీ లేకపోయినా లివర్ పరీక్ష చేయించి రిపోర్టు ఫొటో పెట్టు. మాట్లాడక్కర్లేదు, ఫొటో చాలు.

అమ్మ