వగైరా అని రాసినందుకు

ప్రొద్దుటూరు,
ఆదివారం మధ్యాహ్నం

పాపా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు రిజిస్ట్రార్ ఆఫీసు బయట చెట్టు కింద ఎప్పటి మాదిరే పత్రాలు రాస్తూ కూర్చుని ఉన్నా. పక్కనే ఇద్దరు పార్టీలు తూర్పు హద్దు గురించి వాదులాడుకుంటున్నారు. నువ్వు చెప్పింది సగమే వినపడింది. మీ ఆఫీసు పత్రికలో చివరి పేజీ ఒకటి ఉంటుందని, పుట్టినరోజులు, వంటలు, జోకులు, పొడుపుకథలు అన్నీ అందులోనే వేస్తారని, దానికో ఇంగ్లీషు పేరు కావాలని అన్నావు. ‘ఫరాగో’ ఎట్లుంటుంది నాయనా అన్నావు. ‘ఊఁ ఊఁ’ అని పెట్టేశా. తర్వాత మనసు ఒప్పలేదు.

ఫరాగో వద్దు. 2017లో శశి థరూర్ ఒక ట్వీట్‌లో వాడాక ఆ మాట దేశమంతా తిరిగింది, నువ్వూ అక్కడే పట్టుకుని ఉంటావు. ఆయన వాడింది తిట్టడానికి. లాటిన్‌లో ఆ మాటకు అర్థం పశువులకు వేసే కలగలుపు మేత. మీ జేజినాయన ఎనుములకు జొన్నసొప్ప, చెనిక్కట్టె కలిపి వేసేవాడే, అదే. ఎనుములు ఇష్టంగానే తినేవి గానీ, ఇంగ్లీషులో ఇప్పుడు దాన్ని నిజమూ అబద్ధమూ కలిపి కొట్టిన వ్యవహారానికే ఎక్కువ వాడతారు. పుట్టినరోజుల పేజీకి అదేం పేరు?

నువ్వు చెప్పిన రెండోది ‘పోపురీ’ నయం. కాగితం మీద స్పెల్లింగు చూస్తే పాట్‌పూరీ మాదిరి ఉంటుంది. నేను పైకి చదివితే మీ అమ్మ ‘పూరీలోకి ఆలుగడ్డ కూరేనా?’ అంది. ఫ్రెంచి మాట అది, విడదీస్తే కుళ్లిన కుండ! స్పెయిన్‌లో రకరకాల మాంసాలు, కూరగాయలు వేసి కుతకుత ఉడికించే వంటకం పేరు అట్లాగే ఉండేది. దాన్ని ఫ్రెంచివాళ్లు మాటకు మాట తమ భాషలో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఎండిన గులాబీ రేకులు గాజుగిన్నెలో పోసి గదిలో వాసన కోసం పెట్టేదానికీ అదే పేరొచ్చింది.

చూస్తే కలగలుపుకు వాడే ఈ మాటల్లో చాలావరకు వంటింటి మాటలే. సాల్మగండీ అంటే తరిగిన మాంసం, చేపలు, గుడ్లు, ఉల్లిగడ్డలు కలిపింది. 1807లో న్యూయార్క్‌లో వాషింగ్టన్ ఇర్వింగ్ వాళ్లు ఒక పత్రికకు ఏకంగా ఆ పేరే పెట్టారు. స్మోర్గస్‌బోర్డు స్వీడన్ వాళ్ల వెన్నరొట్టెల బల్ల. కెడ్జిరీ మన కిచిడీయే, దొరలు అందులో చేప, ఉడికిన గుడ్డు వేసుకున్నారు. మనకూ కలగూరగంప ఉంది, కలగాపులగం ఉంది. ఈ రెండోదాని మీద నాకు కొంచెం కోపం. పెసరబ్యాళ్లు, బియ్యం వేసి పులగం వండి, పక్కన ఊరిబిండి పెడితే అందులో గందరగోళం ఏముంది? దాన్ని తిట్టు చేసినవాడు మీ అమ్మ చేతి పులగం తిని ఉండడు.

నాకు బువ్వ పెట్టే మాట మాత్రం హాచ్‌పాట్. కుండను కుదిపి కలపడం అని పాత ఫ్రెంచి అర్థం. ఇంగ్లండు చట్టంలో, తండ్రి బతికుండగానే ఒక బిడ్డకు ఇచ్చినదాన్ని మళ్లీ లెక్కలోకి తెచ్చి, మొత్తం కలిపి సమంగా పంచడానికి ఆ మాట వాడారు. మన కోర్టు తీర్పుల్లో, స్వార్జితాన్ని ఉమ్మడి ఆస్తిలో కలిపేస్తే కామన్ హాచ్‌పాట్‌లో వేశాడంటారు.

మన ఇంటి భాగ పరిష్కారం రాసింది నేనే, తెలుసు కదా. నీకప్పుడు ఆరేళ్లు. సర్వే నెంబర్లు, బావిలో వంతులు, ఎద్దులబండి, గాడిపాడు అన్నీ ఒక్కొక్కటే రాసుకుంటూ వచ్చా. అటక దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు, ఆకలి, స్టాంపు పేపరులో రెండు వరుసలే మిగిలాయి. ‘అటక మీది పాత సామాన్లు వగైరా’ అని పెద్దనాయన వంతులో రాసి ముగించేశా.

ఆ వగైరాలో జేజి కుట్టిన బొంత ఉంది. చుట్టూ జేజినాయన పంచె అంచులు, లోపల జేజి చీరలు, నడిమధ్యన మీ అత్త పచ్చ ఓణీ ముక్క. అత్త బడికి పోయే రోజుల్లో ఆ ఓణీ మీద సిరా ఒలికింది, ఆ మరక కూడా అట్లనే కుట్టేసింది జేజి. అత్త ఆస్తిలో ఏమీ అడగలేదు, ఆ బొంత ఒక్కటి అడిగింది. పెద్దనాయన ‘పత్రంలో వగైరా నాదని ఉంది’ అన్నాడు. అత్త రెండేళ్లు మాట్లాడలేదు. పెద్దనాయనతో కాదు, నాతో. ‘రాసింది నువ్వు కదా’ అంది.

అప్పటినుంచి నేను రాసే పత్రాల్లో వగైరా ఉండదు. పార్టీలు విసుక్కుంటారు, రాయించేవాళ్లకు పేజీలు పెరుగుతాయి. రోలు ఒకటి, పొత్రం ఒకటి, ఇత్తడి గంగాళం చిల్లు పడినది ఒకటి అని రాస్తా. ఇంగ్లీషులో చిల్లర ఖర్చుల పద్దుకు సండ్రీస్ అంటారే, ఆ సండ్రీకి మొదటి అర్థం ‘వేరువేరుగా’ అని నిఘంటువులో చూసిన రోజు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నా.

మెడ్లీ అనే మాట కూడా చూశా. పాటలకు బాగానే ఉంటుంది గానీ, పాత అర్థం కొట్లాట. అది మా చెట్టు కిందికి పెట్టుకుంటాం. నన్నడిగితే కలగూరగంప అని పెట్టమంటా. పూణేలో మీవాళ్లకు నోరు తిరగదంటే పోపురీ పెట్టు. ఏది పెట్టినా లోపల వంటకం ఎవరిదో, పొడుపుకథ ఎవరు పంపారో పేర్లు వెయ్యి.

బొంత పోయిన సంక్రాంతికి అత్త ఇంటికి చేరింది. పెద్దనాయన తనే సంచిలో పెట్టుకుని పోయి ఇచ్చి వచ్చాడు, నాతో ఒక్క మాటా చెప్పలేదు. అంచులు చీకిపోయాయని అత్త కొత్తవి కుట్టిస్తోంది. నీ పాత చుడీదార్ ముక్క ఏదైనా ఉంటే అడిగింది. నీలంది పంపనా, వద్దా? ఫోన్ చెయ్, ఈసారి ఇంట్లోనే ఉంటా.

మీ నాయన