భూతద్దం ఉన్న థర్డ్ హ్యాండ్ ఇక తెప్పించడం లేదు

కోఠి గుజరాతీ గల్లీలోని మన షాపుకు వచ్చేవాళ్లకూ, వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లకూ ఒక మాట. సోల్డరింగ్ చేసేటప్పుడు బోర్డునూ వైర్లనూ పట్టి ఉంచే, ఇనప దిమ్మ, రెండు క్రొకొడైల్ క్లిప్పులు, భూతద్దం ఉండే థర్డ్ హ్యాండ్‌ను ఈ స్టాకుతో ఆపేస్తున్నాం. కాలేజీ ప్రాజెక్టుల సీజన్‌లో దాని మీద మాకు లాభం బాగానే వస్తుంది. కానీ నట్టు ఎంత బిగించినా చెయ్యి వాలిపోతోందని చాలామంది వెనక్కి తెస్తున్నారు. సప్లయర్‌ను మార్చి చూసినా అదే కథ.

పట్టు ఎందుకంత ముఖ్యమంటే, 63/37 లెడ్ (63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్న సోల్డర్) 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా గడ్డకడుతుంది. మీరు ఎక్కువగా తీసుకెళ్లే 60/40 అలా కాదు, గట్టిపడే ముందు కాసేపు ముద్దలా ఉంటుంది. అప్పుడు వైరు వణికిందా, జాయింటు మసకగా, గరుకుగా వస్తుంది. టెస్ట్ చేస్తే పనిచేస్తుంది, కొన్నాళ్లకు వదిలేస్తుంది. లెడ్ నాసిరకమని మమ్మల్ని తిట్టేవాళ్లలో కొందరి తంటా అసలు ఇదే.

బదులుగా, బోర్డును రెండు అంచుల్లో స్ప్రింగుతో పట్టే పీసీబీ (సర్క్యూట్ బోర్డు) హోల్డర్ తెచ్చాం. ధర ఎక్కువే. పైగా తేలిక కాబట్టి నున్నటి బల్ల మీద జారుతుంది, కింద సిలికాన్ మ్యాట్ ఉండాల్సిందే. అంచుదాకా పార్టులున్న బోర్డయితే కొనకండి, ఆ దవడలు వాటినే నొక్కుతాయి.

అడుగున అయస్కాంతం ఉండి, ఎటైనా వంగే చేతులు కూడా అడుగుతున్నారు. హాట్ ఎయిర్ (వేడి గాలితో సోల్డర్ కరిగించే) పనికైతే నేను ఇవ్వను. మామూలు నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది.

పాత థర్డ్ హ్యాండ్ ఉన్నవాళ్లు పారేయొద్దు. క్లిప్పు పళ్లకు హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే గొట్టం) తొడగండి, బోర్డు మీద గీతలు పడవు. వట్టి లోహం జాయింటు వేడిని కూడా లాగేస్తుంది. కనెక్టర్‌కు వైర్లు అతికేటప్పుడు దానికి జతయ్యే రెండో కనెక్టర్‌ను ముందే గుచ్చి పెట్టండి, ప్లాస్టిక్ మెత్తబడినా పిన్నులు వంకర పోవు. చిన్న పార్టును ఆపాలంటే వేడిని తట్టుకునే కాప్టన్ టేపు ముక్క చాలు. సెల్లో టేపు మాత్రం వద్దు, వేడికి కరిగి బోర్డంతా జిగురు చేస్తుంది.

మిగిలిన థర్డ్ హ్యాండ్‌లు మేం కొన్న ధరకే ఇచ్చేస్తాం. వాటిని ఇక వాపసు తీసుకోం, కౌంటర్ దగ్గరే నట్లు బిగించి చూసుకుని తీసుకెళ్లండి.