బీచ్ రోడ్డు విమానానికి ముందు నీళ్లు, ఆ తర్వాతే రంగు

సంపాదకుడు గారికి,

విశాఖపట్నంలో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా, బీచ్ రోడ్డు పక్కన మ్యూజియంగా మార్చిన నౌకాదళ గస్తీ విమానం టీయూ-142 ఎండకూ వానకూ ఆరుబయటే నిలబడి ఉంది. పైన రేకుల షెడ్డు వేయించరాదా అని చూసినవాళ్లకు అనిపించడం సహజం. మా అభిప్రాయం వేరు. కడిగే ఏర్పాటు లేకుండా కప్పు ఒక్కటే వేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుంది.

అసలు శత్రువు ఉప్పు. సముద్రపు గాలితో వచ్చే ఉప్పు తుంపర విమానం ఒంటి రేకు మీద పేరుకుంటుంది. వాన పడినప్పుడల్లా రెక్కల పైభాగం దానంతటదే శుభ్రమవుతుంది. వాన తగలని రెక్క అడుగు, చక్రాల గూళ్లు, తోక కింది భాగం మాత్రం ఏడాది పొడవునా ఆ ఉప్పును మోస్తూనే ఉంటాయి. మన ఊరి తేమకు అది రాత్రిపూట చెమర్చి, పలచటి ఉప్పునీటి పొరగా మారుతుంది. కప్పు వేశామంటే విమానం మొత్తాన్నీ రెక్క అడుగులా మార్చినట్టే.

అమెరికాలో ‘మెంఫిస్ బెల్’ అనే రెండో ప్రపంచ యుద్ధం నాటి బీ-17 బాంబర్ సంగతి చూడండి. మెంఫిస్ నగరంలో దశాబ్దాల పాటు ఆరుబయట పాడైంది. 1987లో గోడల్లేని కప్పు కిందికి మార్చారు. పావురాలు చేరాయి, రెట్టలు పడ్డాయి, తేమ ఎక్కడికీ పోలేదు. చివరికి 2005లో డేటన్ నగరం వెలుపల ఉన్న అమెరికా వైమానిక దళ మ్యూజియానికి తరలించి, బాగుచేసి, 2018లో నాలుగు గోడల హ్యాంగర్‌లో (విమానాలు ఉంచే భవనంలో) ప్రదర్శనకు పెట్టారు. అలాంటి హ్యాంగర్ మనకూ వస్తే సంతోషమే. కానీ 53 మీటర్ల పొడవు, 50 మీటర్ల రెక్కలు ఉన్న విమానానికి బీచ్ రోడ్డులో అంత భవనం ఇప్పట్లో లేస్తుందని మేం అనుకోవడం లేదు.

ఇది నమూనా బొమ్మ కాదు. 1988లో నౌకాదళంలో చేరిన ఎనిమిది టీయూ-142లలో ఒకటి. 2017 మార్చిలో అరక్కోణంలో వాటికి వీడ్కోలు పలికాక తానే ఎగిరి వచ్చి మన ఊళ్లోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో దిగింది. అక్కడ భాగాలు విప్పి, బీచ్ రోడ్డుకు తెచ్చి మళ్లీ బిగించారు. ఆ ఏడాది డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు. విప్పి బిగించిన ప్రతి జాయింటూ ఉప్పునీరు లోపలికి దిగే దారే. ఎదురుగా ఉన్న కురుసురది దళసరి ఉక్కు. తుప్పు గీకి, పలచబడ్డ చోట ప్లేటు వెల్డింగ్ చేసుకోవచ్చు. విమానం రేకు చాలాచోట్ల కొద్ది మిల్లీమీటర్లే. పైగా అది రాగి కలిపిన అల్యూమినియం. రాగి వల్ల బలం వస్తుంది, ఉప్పును తట్టుకునే గుణం తగ్గుతుంది. ఉక్కు బోల్టు అల్యూమినియాన్ని తాకే చోట ఉప్పునీరు చేరితే చిన్న బ్యాటరీ తయారైనట్టే. అందులో కరిగిపోయేది అల్యూమినియమే.

మ్యూజియానికి వెళ్లేవాళ్లు ఈసారి రెక్క కిందికి వెళ్లి రివెట్ల (రేకులను కలిపి బిగించిన మేకుల) వరుసను చూడండి. రివెట్ తల చుట్టూ తెల్లటి పొడి, రంగు కింద పురుగు పాకినట్టు గీతలు, రెండు రివెట్ల మధ్య రేకు కాస్త ఉబ్బడం — వీటిలో ఏది కనిపించినా లోపల తెల్ల తుప్పు, అంటే అల్యూమినియానికి పట్టే తుప్పు, మొదలైనట్టే. ముదిరితే లోహం మడత కాజాలా పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. ఆ దశలో దానిమీద రంగు కొడితే ఉప్పును లోపల పెట్టి తాళం వేయడమే.

చేయాల్సిన పని ఖరీదైనది కాదు, క్రమం తప్పకూడదంతే. పదిహేను రోజులకోసారి మంచినీటితో కడగాలి. తీరంలో బోరు నీళ్లు ఉప్పగా ఉండే ప్రమాదం ఉంది కాబట్టి నగరపాలక సంస్థ (జీవీఎంసీ) నీళ్లే వాడాలి. ప్రెషర్ పంపు పనికిరాదు. ఆ ధాటికి నీరు సందుల్లోకి, బేరింగుల్లోకి దూరుతుంది. బట్టల సోడా, బ్లీచింగ్ దగ్గరికి రానివ్వకూడదు. ఆమ్లం, క్షారం రెండూ కాని సబ్బునీటిని కింది నుంచి పైకి రుద్దాలి, లేకపోతే చారలు పడతాయి. కడిగేటప్పుడు మాత్రం పై నుంచి కిందికి. రెక్క అడుగుకు, చక్రాల గూళ్లకు రెట్టింపు సమయం ఇవ్వాలి.

విమానం పొట్ట కింద, రెక్కల కింద నీరు కారిపోవడానికి సన్నటి రంధ్రాలుంటాయి. రంగు వేసేవాళ్లు అవేమిటో తెలియక పుట్టీతో పూడ్చేసే ప్రమాదం ఉంది! అప్పుడు లోపలికి దిగిన నీరు అక్కడే నిలిచి, బయటికి ఏమీ కనిపించకుండా లోపలి నుంచి తినేస్తుంది. ప్రతి వానాకాలానికి ముందు చెక్కపుల్లతో ఒక్కొక్క రంధ్రాన్నీ పొడిచి చూడాలి. ఇంజిన్ల మూతుల్లో గోరింకలు, పావురాలు దూరకుండా వల కట్టాలి. స్టెయిన్‌లెస్ స్టీలు వల అయితే ఇందాక చెప్పిన బ్యాటరీ కథే మళ్లీ మొదలవుతుంది, నైలాన్ వల మేలు.

రంగు వేయక తప్పనప్పుడు ఇనుప బ్రష్షుతో గీకించవద్దు. ఇనుప నలుసులు అల్యూమినియంలో దిగబడి అక్కడే తుప్పు పడతాయి. నైలాన్ ప్యాడ్‌తో తెల్లపొడి పూర్తిగా తీసి, కడిగి, ఆరాక లోహాన్ని గట్టిగా పట్టుకునే ఎపాక్సీ ప్రైమర్ (అడుగు పూత), దానిపైన పాలీయురెథేన్ రంగు పూత వేయాలి. గేట్లకు కొట్టే ఎనామిల్ ఇక్కడ వద్దు. కిటికీల ప్లాస్టిక్ అద్దాలకు థిన్నర్ తగిలితే మసకబారతాయి, ఆ మసక ఇక పోదు.

తుపాను సంగతి కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఈ ఊరికి చెప్పక్కర్లేదు. రెక్క అన్నాక ఎదురుగాలి తగిలితే లేవాలనే చూస్తుంది, నిలిపి ఉంచినా సరే. లంగరు గొలుసులు, నేలలోని కొక్కేలు ఏటా సెప్టెంబరులోగా పరీక్షించాలి. నాలుగు ఇంజిన్లకు కలిపి 32 ప్రొపెల్లర్ బ్లేడ్లు ఉన్నాయి. అవి గాలికి తిరుగుతుంటే చూడముచ్చటగానే ఉంటుంది గానీ, నూనె లేని బేరింగులు అరిగిపోతాయి. కట్టేయాల్సిందే.

మ్యూజియాన్ని చూసుకునే విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ)కు మా విన్నపం ఇది: టికెట్ల రాబడిలో కొంత భాగాన్ని విమానాలు కడగడానికి, తనిఖీకి విడిగా కేటాయించండి. ఏడాదికోసారి డేగాలోని నౌకాదళ సాంకేతిక సిబ్బందితో చూపించండి. చివరిసారి కడిగిన తేదీ, రంధ్రాలు పరీక్షించిన తేదీ, గొలుసులు చూసిన తేదీ గేటు దగ్గర బోర్డు మీద తెలుగులో రాయండి.

ఇట్లు,
విమానాల నిర్వహణలో పనిచేసిన కొందరు పాఠకులు,
విశాఖపట్నం