పొగరుకు జబ్బు పేరెందుకు?

సంపాదకుడు గారికి,

ఎన్నికలు ఉన్నా లేకున్నా మన జిల్లాలో ఒక నాయకుడు ఇంకో నాయకుణ్ణి తిట్టకుండా రోజు గడవదు. తిట్టుకోనివ్వండి, దానితో నాకు పేచీ లేదు. ఆ తిట్లలోకి, అక్కడి నుంచి మీ జిల్లా పేజీ శీర్షికల్లోకి వచ్చి చేరిన ‘మెగలోమేనియా’ అనే మాట మీదే నా అభ్యంతరం. ఒకచోట దాన్ని పొగరు అన్న అర్థంలో వాడుతున్నారు, ఇంకోచోట పదవీ వ్యామోహం అన్న అర్థంలో. నెల్లూరు వీఆర్‌సీ సెంటర్లో తన నిలువెత్తు ఫ్లెక్సీ తానే కట్టించుకున్న ప్రతి మనిషికీ ఈ జబ్బు అంటగడితే, ఊళ్లో ఆరోగ్యవంతులు ఎందరు మిగులుతారో మీరే లెక్క చూడండి.

గ్రీకులో ‘మెగలో’ అంటే పెద్ద, ‘మేనియా’ అంటే ఉన్మాదం. తానే చక్రవర్తినని, దేవుణ్ణని మనసా వాచా నమ్మే రోగుల స్థితికి పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా వైద్యులు వాడిన పేరు అది. అలాంటి రోగుల్లో ఎందరికో అసలు బాధ సిఫిలిస్ మెదడుకు పాకడం. పెన్సిలిన్ వచ్చాక ఆ కేసులు బాగా తగ్గిపోయాయి. ఈనాటి వైద్యులు ఈ పేరుతో జబ్బును నిర్ధారించరు. మనసు కొన్నాళ్లు పట్టరాని ఉత్సాహంలోకి, కొన్నాళ్లు కుంగుబాటులోకి ఊగే బైపోలార్ రుగ్మతలోని ఉన్మాద దశలోనో, లేనివి ఉన్నట్లు వినిపించి, అనిపించే స్కిజోఫ్రేనియాలోనో, ఇంకొన్ని మానసిక వ్యాధుల్లోనో కనిపించే ఒక లక్షణంగా, గొప్పతనపు భ్రాంతిగా దాన్ని చూస్తారు.

భ్రాంతికీ ప్రగల్భానికీ తేడా తెలియాలంటే వైద్య గ్రంథాల దాకా పోనక్కర్లేదు. నెల్లూరు మనుమసిద్ధి కొలువులోని తిక్కన భారతాన్ని అందుకున్నదే విరాటపర్వంతో. అందులో ఉత్తరుడు ఆడవాళ్ల ముందు కూర్చుని, తగిన సారథి దొరికితే కౌరవులను ఒక్కడినే తరిమేస్తానంటాడు. తీరా కౌరవసేన కంటపడగానే రథం దూకి పరుగు లంకించుకుంటాడు. నిజం ఎదురుపడగానే గొప్పలు గాలికి పోయాయంటే ఆ మనిషికి జబ్బేమీ లేనట్లే. భాగవతంలోని పౌండ్రకుడిది వేరే బాపతు. నువ్వే వాసుదేవుడివని చుట్టూ ఉన్నవాళ్లు ఊదరగొడితే నమ్మేసి, శంఖచక్రాలు వదిలేయమని సాక్షాత్తు కృష్ణుడికే కబురు పంపాడు. మన నాయకుల్లో ఉత్తరులూ ఉన్నారు, భజనపరుల మాటలకు పౌండ్రకులైన వారూ ఉన్నారు. వారిని ఆ పేర్లతోనే పిలవండి, ఎవరూ కాదనరు.

అసలు జబ్బు ఎలా ఉంటుందో మా ఇంట్లో చూశాం. మా తమ్ముడి కొడుకుకు బైపోలార్ ఉంది. మొదటిసారి ఉన్మాద దశ వచ్చినప్పుడు రాత్రుళ్లు నిద్ర మానేశాడు. నిద్ర లేదన్న అలసట మాత్రం మచ్చుకైనా లేదు. మాట ముందు పరుగెత్తుతుంటే ఊపిరి వెనకబడేది. రామాయపట్నం ఓడరేవుకు తనను ఛైర్మన్‌గా వేశారని చెప్పి, బజారులోని ప్రెస్సులో ఆ హోదాతో విజిటింగ్ కార్డులు అచ్చు వేయించాడు. “పెదనాన్నా, రేపు కలెక్టరు గారు మనింటికి వస్తున్నారు, వరండా కడిగించండి” అని తెల్లవారుజామున నన్ను లేపాడు. కలెక్టరు రాలేదు. ఉత్తరుడైతే ఆ పూటకు ముఖం చాటేసేవాడు. వీడు మాత్రం ‘సాయంత్రానికి మార్చారు’ అన్నాడు, సాయంత్రం కూడా అంతే నమ్మకంతో గేటు దగ్గర నిలబడ్డాడు. వాడికి పొగరు ఏ కోశానా లేదు. కార్డు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు, చేతి ఉంగరం తీసి ఆటో డ్రైవరుకు ఇచ్చేశాడు.

ఇప్పుడు లిథియం వాడుతున్నాడు. ఆ మందు ఈ జబ్బుకు పనిచేస్తుందని 1949లోనే బయటపడింది. మోతాదు మించకుండా అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకోవాలి, అంతే. ఉద్యోగం చేసుకుంటున్నాడు. మిగిలిపోయిన ఆ కార్డుల వెనక వాళ్లమ్మ పాల లెక్క రాస్తుంది, వాడే నవ్వుతూ ఇస్తాడు. కానీ టీ కొట్టు దగ్గర ఎవరో మీ శీర్షికను పైకి చదివి, ‘వీణ్ణి పిచ్చాసుపత్రిలో వేయాలి’ అని నవ్వితే, ఆ నవ్వు తగిలేది వార్తలోని నాయకుడికి కాదు. ఆయన ఎక్కడో హాయిగా ఉంటాడు. ఆ పక్కనే గ్లాసు పట్టుకుని నిలబడినవాడికి తగులుతుంది. అలాంటి మాటలు విన్న వారం వాడు మాత్రలు తీసుకోవడానికి మెడికల్ షాపుకు వెళ్లడు, నన్ను పంపుతాడు. ఈ లేఖ వాడికి చూపించి, సరేనన్నాకే మీకు పంపుతున్నాను.

ఇందులో చట్టం సంగతి కూడా ఉంది. 2018లో అమల్లోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఒక మనిషికి మానసిక వ్యాధి ఉందో లేదో వైద్య ప్రమాణాలను బట్టే తేల్చాలంటుంది. రాజకీయ, ఆర్థిక, సామాజిక హోదాను బట్టి తేల్చకూడదని మూడో సెక్షన్ విడిగా చెబుతుంది. ఆ సెక్షన్ విలేకరుల కోసం రాసింది కాదు, నిజమే. అయినా డాక్టరు చేయకూడదన్న పని బహిరంగ సభలో మైకు చేయవచ్చా? 1964లో అమెరికాలో ఒక పత్రిక, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న బ్యారీ గోల్డ్‌వాటర్ మనసు సరిగా లేదని మానసిక వైద్యుల అభిప్రాయాలు పోగుచేసి అచ్చువేసింది. ఆయన దావా వేసి గెలిచాడు. తాము స్వయంగా పరీక్షించని వ్యక్తి మానసిక స్థితి మీద బహిరంగంగా అభిప్రాయం చెప్పకూడదని అక్కడి మానసిక వైద్యుల సంఘం 1973లో నియమం పెట్టుకుంది. చదువుకున్న వైద్యులే పాటిస్తున్న సంయమనాన్ని మనం డెస్కులో కూర్చుని దాటేస్తున్నాం.

తిట్టడానికి మాటలు లేకపోతే కదా! గర్వం, దర్పం, మదం, డాంబికం, అహంభావం, పొగరు, కళ్లు నెత్తికెక్కడం, కాలు నేలమీద ఆనకపోవడం. ఒక్కోదానికి ఒక్కో రుచి. డాంబికుడు లేనిది చూపించుకుంటాడు, మదించినవాడు ఉన్నదానితో ఇతరులను తొక్కుతాడు. ఈ తేడా తెలిసి శీర్షిక పెడితే ఆ నాయకుడు చేసిందేమిటో పాఠకుడికి వెంటనే అర్థమవుతుంది. జబ్బు పేరు పెడితే ఆయన చేసిన తప్పు కాస్తా రోగం ఖాతాలోకి పోతుంది, జవాబు చెప్పుకోవలసిన బాధ్యత కూడా తప్పుతుంది.

మానసిక వ్యాధుల గురించి రాసినప్పుడు కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ ‘టెలీ మానస్’ ఉచిత సహాయ నంబరు 14416 వేయండి. తెలుగులోనూ మాట్లాడతారు. సభలో నాయకుడే ఎదుటివారికి మెగలోమేనియా అంటగడితే, ఆ మాటను కొటేషన్లలో ఆయన పేరు మీదే లోపల వేయండి. శీర్షికకు మాత్రం ఎక్కించకండి.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా