తుపాకీకి ముందు వచ్చిన కాగితం

చెన్నై, త్యాగరాయనగర్.

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. మీ కాలేజీ తెలుగు సంఘంవారు విప్లవవీరుల గురించి మాట్లాడమన్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని ఫోనులో చెప్పావు. ఫోనులో చెబితే సగం మరిచిపోతావని ఉత్తరమే రాస్తున్నాను. పది నిమిషాల్లో పాతిక పేర్లు చదివి దిగిపోవడంకన్నా ఇద్దరు ముగ్గురిని తీసుకుని, వారు తుపాకీ ఎత్తకముందు వారి మీదికి ఏ కాగితం వచ్చిపడిందో చెప్పడం మేలని నా అభిప్రాయం. వారి ధైర్యాన్ని అందరూ పొగడుతారు గానీ, అది ఏ చట్టానికి, ఏ పన్నుకు, ఎగ్గొట్టిన ఏ కూలికి జవాబో చెప్పేవారు తక్కువ.

అల్లూరి సీతారామరాజు అనగానే మనకు గడ్డం, కాషాయం, విల్లంబులు గుర్తుకొస్తాయి. బడి వార్షికోత్సవంలో ఆ వేషం కట్టని పిల్లవాడు ఉండడు. ఆ బొమ్మలో వీరుడు కనబడతాడు గానీ మన్యం కనబడదు. 1879లో కల్లుగీత మీద వేసిన పన్నుతోనే రంప ప్రాంతంలో పెద్ద ఫితూరీ, అంటే తిరుగుబాటు, లేచింది. తరవాత 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చి, కొండవాళ్ళు తాతముత్తాతల నాటినుంచి చేసుకుంటున్న పోడు వ్యవసాయాన్ని నేరం చేసింది. వంటచెరకు తెచ్చుకోవాలన్నా, పశువులను మేపుకోవాలన్నా అటవీ ఉద్యోగి దయ మీద ఆధారపడవలసి వచ్చింది. 1920ల మొదట్లో గూడెం తహసీల్దారు బాస్టియన్, ఘాట్ రోడ్డు పనికి వాళ్ళను బలవంతంగా తోలించి, కూలి కూడా సరిగా ముట్టజెప్పకుండా పని చేయించుకున్నాడు. రాజు మన్యంలో అడుగుపెట్టేసరికే అక్కడ కోపం సిద్ధంగా ఉంది. ఆయన దానికి ఒక క్రమం నేర్పాడు: తాగుడు మానమన్నాడు, తగవులను కోర్టుకు ఎక్కించక పంచాయతీలో తీర్చుకోమన్నాడు, తాను ఖద్దరు కట్టాడు. ఇదంతా గాంధీగారి కార్యక్రమమే. కాకపోతే ఆయుధం లేనిదే తెల్లవాడు కదలడని రాజు నమ్మాడు.

ఆ ఆయుధాల కోసమే 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడ్డారు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు దొరికాయి. విల్లంబుల బొమ్మ గీసేవారికి ఈ లెక్క చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఇక దామనపల్లి సంగతి నీ ప్రసంగంలో కాస్త నెమ్మదిగా చెప్పు. సెప్టెంబరు 24న రాజును వెతుక్కుంటూ పోలీసు దళం ఇరుకు కొండదారిలో ఎక్కుతున్నది. పైన పొదలచాటున రాజు మనుషులు కాచుకుని ఉన్నారు. ముందు నడుస్తున్న మన పోలీసులను వాళ్ళు ఏమీ చేయకుండా సాగనిచ్చారు. వెనుక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు ఎదురుకాగానే కాల్చారు. చంపడం చంపడమే, దాన్ని పూజించమని నేను చెప్పను. అయితే చేతికి అందినవాణ్ణి కూడా వదిలిపెట్టగలిగిన ఆ నిగ్రహాన్ని గుర్తించకపోతే, రాజును బందిపోటు అన్న దొరలకూ మనకూ తేడా ఉండదు.

ఇందులో మన ఊరి పాత్ర కూడా చెప్పు. మన్యం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని భాగం కాబట్టి, ఆ అటవీ చట్టం తయారైందీ, మలబారు స్పెషల్ పోలీసులను, ఆ తరవాత అస్సాం రైఫిల్స్‌ను కొండలమీదికి నడిపిన ప్రభుత్వం కూర్చున్నదీ ఇక్కడి సెయింట్ జార్జి కోటలోనే. నువ్వు చిన్నప్పుడు ఆడుకున్న పానగల్ పార్కులో విగ్రహం ఉన్న పానగల్ రాజావారే ఆ సంవత్సరాల్లో ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి; ఆయన తెలుగువాడు, చదువు విషయంలోనూ ఉద్యోగాల విషయంలోనూ వెనుకబడినవారికి మేలు చేసినవాడు. పోలీసు శాఖ మాత్రం, కొన్ని శాఖలు మంత్రులకిచ్చి కొన్ని తెల్లవాళ్ళే అట్టేపెట్టుకునే ద్వంద్వ ప్రభుత్వ పద్ధతి ప్రకారం, గవర్నరు చేతిలోనే ఉండిపోయింది. ఒక తెలుగువాడు అధికారపీఠం మీద ఉండగా మరొక తెలుగువాణ్ణి 1924 మే 7న కొయ్యూరులో విచారణ అన్నది లేకుండా చెట్టుకు కట్టి కాల్చారు. పార్కు పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా ఈ రెండు సంగతులూ నాకు ఒకేసారి మనసులో మెదులుతాయి. ఏదో ఒకటే గుర్తుపెట్టుకోవడం నాకు చేతకాదు.

మీ తమిళ స్నేహితులు కూడా వింటారన్నావు గనుక గిండీ గాంధీ మండపం ఆవరణలో ఉన్న గానుగ సంగతి చెప్పు. అది వ.ఉ. చిదంబరం పిళ్ళైగారు కోయంబత్తూరు జైలులో ఎద్దుకు మారుగా తిప్పిన గానుగ. ఆయన చేసిన నేరమల్లా, 1906లో తూత్తుకుడి నుంచి కొలంబోకు స్వదేశీ ఓడలు నడపడం, ఆ తరవాత మిల్లు కూలీల సమ్మెకు అండగా నిలవడం. పోటీగా ఇంగ్లీషు కంపెనీవారు టిక్కెట్టు ధర అడుగంటా తగ్గించి, చివరికి ఉచితంగా ఎక్కించుకుని పైగా గొడుగులు కూడా పంచారని చెప్పుకుంటారు. 1908లో ఆయన్ను అరెస్టు చేయగానే తిరునెల్వేలి అట్టుడికింది, కాల్పులు జరిగాయి. ఆ కాల్పులను ఖండిస్తూ బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రికలో సంపాదకీయం వేసినందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మూడేళ్ళు జైలులో గడిపారు. అరవల నెత్తురు చూసి ఒక తెలుగు సంపాదకుడు సంకెళ్ళు వేయించుకున్న ఆ సంగతి మీ సభలో చప్పట్లు కొట్టిస్తుందని నా నమ్మకం. మూడేళ్ళ తరవాత, 1911 జూన్ 17న, మణియాచ్చి స్టేషన్లో రైలు పెట్టెలో కూర్చున్న తిరునెల్వేలి కలెక్టరు యాష్‌ను వాంచినాథన్ కాల్చి, తానూ కాల్చుకున్నాడు. అతని దగ్గర దొరికిన ఉత్తరం నిండా సనాతన ధర్మం, మ్లేచ్ఛులు, ఐదవ జార్జి మీద కోపం. ఓడల ఊసు లేదు. ఒకే శత్రువు మీద లేచినవారందరి మనసులోనూ ఒకే దేశం ఉండేదని అనుకోవద్దు.

భగత్ సింగ్ గురించి నీకు నేను చెప్పనక్కర లేదు. ఒక్కటి మాత్రం మరువకు: 1929 ఏప్రిల్ 8న ఢిల్లీ శాసనసభలో అతనూ బటుకేశ్వర దత్తూ బాంబులు విసిరింది, కార్మికుల సమ్మెహక్కును కట్టడి చేసే బిల్లు, ప్రజా భద్రత బిల్లు సభ ముందున్న రోజున. మనుషులు లేని చోట విసిరి, కరపత్రాలు చల్లి, పారిపోకుండా నిలబడ్డారు. అక్కడ కూడా ముందు వచ్చింది కాగితమే.

చివరగా, రాజు పక్కన నిలిచి పోరాడిన గాం సోదరుల పేర్లు తప్పకుండా చదువు. పోస్టర్లలో వాళ్ళకు చోటుండదు. అన్న గంటందొర, రాజు పోయిన దాదాపు నెలకే, 1924 జూన్‌లో పోలీసు కాల్పుల్లో నేలకొరిగాడు. తమ్ముడు మల్లుదొర పట్టుబడి, అండమాను జైలు చూసి, బతికి బయటపడ్డాడు. 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికై, అలాంటి చట్టాలు చేసే సభలోనే సభ్యుడై కూర్చున్నాడు.

ఇట్లు
మీ నాన్న