గోస్తని ఒడ్డున రెండు రోజులు

విశాఖపట్నం,
నవంబరు 18.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం మొన్న సాయంత్రం అందింది. ముప్పై ఏళ్ల తరువాత మళ్లీ సైకిలెక్కాలని ఉన్నా హైదరాబాదు రోడ్ల మీద ధైర్యం చాలడం లేదని నువ్వు రాసిన వాక్యాన్ని మా ఆవిడకు చదివి వినిపించాను. "వెంటనే రమ్మని రాయండి, మీరు తొక్కేది చూసి నవ్వడానికి నేనొక్కదాన్నే సరిపోవడం లేదు" అంది. వేసవిలో డాక్టరు నా రక్తంలోని చక్కెర లెక్క చూసి మందలించిన నాటి నుంచి నేను వారానికి నాలుగు రోజులు సైకిలు తొక్కుతున్న మాట నిజమే గాని, అంతమాత్రాన ఆరితేరిపోయానని అనుకోకు. నీకంటే ఆరు నెలల ముందు మొదలుపెట్టాను, అంతే తేడా. కొత్తగా ఎక్కినవాడికి ఎక్కడ నొప్పి పుడుతుందో, ఎక్కడ భయం వేస్తుందో నాకింకా బాగా గుర్తుంది కాబట్టి ఈ ప్రయాణానికి పథకం వేసే అర్హత నాకే ఉందని ధైర్యం చేసి రాస్తున్నాను.

నది ఒడ్డున తొక్కుదామని నువ్వు కోరావు. రాజమండ్రిలో పుట్టి, ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు ఎక్కడో దూరాన కనిపించే గోదావరిని చూస్తూ పెరిగిన నీకు, సముద్రమూ కొండలూ గెడ్డలూ తప్ప మరొకటి లేని ఈ ఊళ్లో నదిని ఎక్కడి నుంచి తెచ్చిపెట్టడమా అని రెండు రోజులు ఆలోచించాను. చివరికి గోస్తని దగ్గర ఆగాను. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి దగ్గర జలాశయంగా నిలిచి, అక్కడి నుంచి పద్మనాభం, చిట్టివలస మీదుగా దిగి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే నది అది. గుహలోని రాతి ఆకారాన్ని ఆవుగా భావించి, ఆ పొదుగు నుంచి పుట్టింది కాబట్టి గోస్తని అన్నారని అక్కడి వాళ్లు చెబుతారు. డిసెంబరులో దాన్ని చూసి నువ్వు తప్పకుండా నవ్వుతావు. నీళ్లు ఒక పాయగా సన్నగా జారుతూ, మిగిలిందంతా ఇసుకగా ఉంటుంది. అయితే నవ్వే ముందు ఒక్క మాట గుర్తుంచుకో: తాటిపూడి నీళ్లు విశాఖపట్నానికి మంచినీళ్లుగా వస్తాయి కాబట్టి, మా ఇంట్లో నువ్వు తాగే కాఫీలోనూ కొంత గోస్తని ఉండవచ్చు.

విశాఖపట్నం నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు మీద సైకిళ్ల మీదే వెళదామని నువ్వు అడుగుతావని నాకు తెలుసు, ఎందుకంటే మొదటి నెలలో నాకూ అదే దురాశ కలిగింది. దూరం పాతిక కిలోమీటర్లకు పైమాటే. సముద్రం పక్కన రోడ్డు సమతలంగా ఉంటుందని అందరూ అనుకుంటారు గాని, రుషికొండ దాటాక కొండ భుజాల మీదుగా ఎక్కుతూ దిగుతూ సాగుతుంది, పైగా సెలవు రోజుల్లో కార్లు విపరీతం. అందుకని సైకిళ్లను ఒక ట్రాలీ ఆటోలో వేసి పంపించి, మనం వెనుక కారులో పోదాం. తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు దారిలోనే వస్తాయి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం ఒక అరగంట దిగుదాం. మీ అబ్బాయి చూడవలసిన చోటు అది.

సమయం గురించి చెబుతాను. కార్తీకమాసంలో వనభోజనాల జనంతో ఒడ్డు నిండిపోతుంది, పైగా అక్టోబరు, నవంబరు మాకు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి ఈ ఊరి చెట్లన్నిటినీ నేలకూల్చిన నాటి నుంచి, ఈ నెలల్లో బంధువులను పిలవాలంటే మా ఆవిడ ఒప్పుకోదు. జనవరిలో సంక్రాంతి రద్దీ వల్ల రైలు టికెట్టు దొరకదు. డిసెంబరు రెండో వారాంతం అన్ని విధాలా అనుకూలం. శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శనివారం పొద్దున్నే ఇక్కడ దిగుతారు. స్టేషనుకు నేనే వస్తాను. స్నానాలు, ఇడ్లీలు, కాసేపు నిద్ర ముగించి, భోజనం చేసి బయలుదేరుదాం.

శనివారం మనం తొక్కేది ఆరు కిలోమీటర్లు మించదు. నీకు ఈ అంకె అవమానంగా తోచవచ్చు, అయినా ఈ విషయంలో నా మాట విను. ఇన్నేళ్ల తరువాత సైకిలెక్కిన మనిషికి మొదట అలిసేవి కాళ్లు కావు. సీటు మీద ఆనే ఎముకలు, హ్యాండిల్‌ను బిగించి పట్టుకున్న అరచేతులు, ముందుకు వంగి బిగుసుకున్న మెడ అలుస్తాయి. అవి మొదటి రోజు చెప్పవు, రెండో రోజు పొద్దున్న చెబుతాయి. అందుకే మొదటి రోజు భీమిలి ఊళ్లోనే తిరుగుదాం. 1861లోనే పురపాలక సంఘమైన ఊరు అది. పాత గడియార స్తంభం, లైట్‌హౌసు, పదిహేడో శతాబ్దంలో వ్యాపారానికి వచ్చి ఇక్కడే మట్టిలో కలిసిన డచ్చివాళ్ల సమాధులు అన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. ప్రతి చోటా దిగి, సైకిలుకు స్టాండు వేసి, చూసి, మళ్లీ ఎక్కాలి. ఇలా ఎక్కడం దిగడంలోనే సగం అభ్యాసం అయిపోతుంది. డిసెంబరులో ఇక్కడ ఐదున్నర కాకముందే పొద్దు గుంకుతుంది కనుక మూడింటికల్లా మొదలుపెట్టి, వెలుగుండగానే నది సముద్రంలో కలిసే మొగ దగ్గరికి చేరుకుందాం.

ఆ మొగను గురించి నీకు కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే నేను ఈ పథకమంతా అల్లింది దాని చుట్టూనే. నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేట అడ్డంగా నాలుకలా సాగి ఉంటుంది. పోటు సమయంలో సముద్రపు నీరు లోపలికి ఎగదన్ని నది వెనక్కి పారుతున్నట్టు కనిపిస్తుంది; పాటు సమయంలో అదే నీరు మెల్లగా బయటికి జారుతుంది. ఆ అంచున కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉంటే, నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ ఉంటాయి. పడవల పక్కన కూర్చున్న మనుషులు చిరిగిన వల కన్నులను ఒక్కొక్కటిగా ముడివేస్తుంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు పది నిమిషాలు ఆగుదామనుకుని గంట కూర్చుండిపోయాను. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి: చూడటానికి మోకాలి లోతు నీళ్లలా ఉన్నా అక్కడ లోపలి లాగుడు బలంగా ఉంటుంది, ఇసుక ఉన్నట్టుండి కాలి కింద జారిపోతుంది. మీ అబ్బాయి ఎంత బతిమాలినా నీళ్లలోకి దింపేది లేదు. ఈ మాట ముందే వాడికి చెప్పి తీసుకురా.

రాత్రి భీమిలిలోనే బస. ఆదివారం పొద్దున్న ఆరున్నరకు, వెలుగు రాగానే, అసలు సవారీ. భీమిలి నుంచి తగరపువలస వైపు రోడ్డు మీద ఏడెనిమిది కిలోమీటర్లు పోయి, చిట్టివలస దగ్గర నదిని మళ్లీ పలకరించి, అదే దారిన తిరిగి రావడం. ఈ దారిలో నది అంతటా పక్కనే కనిపించదు. కొబ్బరి చెట్ల మధ్య నుంచి ఒకసారి తొంగి చూసి, ఊరు రాగానే దాక్కుని, మళ్లీ కనిపిస్తుంది. జాతీయ రహదారి మీదికి మాత్రం ఎక్కేది లేదు. లారీలు పక్క నుంచి పోయేటప్పుడు కొట్టే గాలికి కొత్తవాళ్ల హ్యాండిల్ నిలవదు. అక్కడి నుంచి పద్మనాభం దాకా వెళితే, 1794లో విజయనగరం రాజు విజయరామరాజు ఆంగ్లేయులతో పోరాడి మరణించిన యుద్ధభూమిని, వెయ్యికి పైగా మెట్లున్న కొండ మీద అనంతపద్మనాభస్వామిని చూడవచ్చు గాని, సైకిలు తొక్కిన కాళ్లతో ఆ మెట్లెక్కమంటే చెల్లెమ్మ నన్ను జన్మలో క్షమించదు. అది మరో ఏడాదికి ఉంచుదాం.

తొమ్మిదిన్నరకల్లా వెనక్కి వచ్చేయాలని నేను పట్టుబట్టడానికి కారణం ఎండ ఒక్కటే కాదు. చలికాలంలో ఇక్కడ పొద్దున పూట గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది, కనుక వెళ్లేటప్పుడు కొంచెం ఎదురుగాలి ఉన్నా తాజాగా ఉన్న కాళ్లకు అది తెలియదు, వచ్చేటప్పుడు అదే గాలి వీపు మీద చేయి వేసి నెడుతుంది. పొద్దెక్కి నేల వేడెక్కిన కొద్దీ గాలి దిశ మారి సముద్రం నుంచి వీస్తుంది. ఆలస్యం చేస్తే పోయేటప్పుడూ ఎదురుగాలి, వచ్చేటప్పుడూ ఎదురుగాలి. ఒకసారి కబుర్లలో పడి పదకొండింటికి తిరిగి బయలుదేరి, చివరి రెండు కిలోమీటర్లు సైకిలును నడిపించుకుంటూ వచ్చిన అనుభవంతో ఇది చెబుతున్నాను.

సైకిళ్లు ఇక్కడే అద్దెకు మాట్లాడతాను, నువ్వు మోసుకురావద్దు. అయితే కొలతలు కావాలి. నా మొదటి సైకిలును ఒక దుకాణంలో, పేరెందుకులే, "పెద్దవాళ్లకు పెద్ద సైకిలే" అంటూ నా ఎత్తుకు మించిన ఫ్రేము అంటగట్టారు. నెల రోజులు కడ్డీ మీద తగిలిన దెబ్బల సంగతి ఇక్కడ రాయడం మర్యాద కాదు. సైకిలుకు రెండువైపులా కాళ్లు వేసి నిలబడితే రెండు పాదాలు నేల మీద పూర్తిగా ఆని, కడ్డీకీ మనకూ మధ్య రెండంగుళాల సందైనా ఉండాలి. సీటు ఎత్తుకు మరొక లెక్క: సీటు మీద కూర్చుని, మడమను పెడల్ మీద పెట్టి, పెడల్‌ను పూర్తిగా కిందికి తొక్కితే కాలు నిటారుగా సాగాలి, అప్పుడు మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. భయంతో సీటును బాగా కిందికి దించుకుంటే సాయంత్రానికి మోకాళ్లు పట్టేస్తాయి. చెల్లెమ్మకు మొదటి గంట కొంచెం దించి పెట్టి, ధైర్యం వచ్చాక పెంచుదాం.

మన చిన్నప్పుడు లేనిది ఈ గేర్ల వ్యవహారం. దాని గురించి బెంగపెట్టుకోకు. ముందు చిన్న పళ్లచక్రం, వెనుక పెద్ద పళ్లచక్రం ఉంటే తొక్కడం తేలిక, దానికి తిరగవేస్తే బరువు. కొత్తవాళ్లు బరువు గేరులో కసిగా తొక్కి, తొందరగా పోతున్నామని మురిసిపోతారు. తేలిక గేరులో గబగబా కాళ్లు తిప్పడమే పద్ధతి. ఎత్తు వచ్చాక కాదు, రాబోతోందనగానే గేరు మార్చాలి. ఈ చిన్న సంగతి తెలియక చిట్టివలస దగ్గర ఒక మిట్ట మీద, బలమంతా పెడల్ మీద పెట్టి గేరు మార్చాను. చైను కరకరమని ఊడి లోపలికి పడిపోయింది. పది నిమిషాలు కుస్తీ పట్టి చేతులన్నీ గ్రీజు చేసుకున్నాక, నదిలో బట్టలుతుకుతున్న ఒక పెద్దాయన గట్టెక్కి వచ్చాడు. సైకిలును తలకిందులుగా నిలబెట్టి, వెనుక చక్రం కింద వేలాడే ఆ మెలిక చేయిని ముందుకు నొక్కి చైనును వదులు చేసి, ఒక వేపపుల్లతో దాన్ని ఎత్తి ముందు చక్రం పళ్లకు తగిలించి, పెడల్‌ను చేత్తో ఒక్క చుట్టు తిప్పాడు. చైను కుదురుగా కూర్చుంది. తన వేలికి మరక కూడా అంటలేదు. "గేరు సైకిలైనా చైను చైనే కదా బాబూ" అని నవ్వి మళ్లీ నీళ్లలోకి దిగాడు. అప్పటి నుంచి నా సంచిలో పంపు, పంక్చరు సామానుతో పాటు ఒక వేపపుల్ల కూడా ఉంటోంది.

మీరు తెచ్చుకోవలసినవి తక్కువే. తలకు సరిపోయిన హెల్మెట్లు, వెనుక గట్టి పట్టున్న బూట్లు, ముగ్గురికీ తలా ఒక లీటరు పట్టే నీళ్ల సీసాలు. చెల్లెమ్మ చున్నీ వేసుకునేటట్లయితే చక్రంలో పడకుండా నడుముకు కట్టుకోవాలని చెప్పు. తినేవాటి భారం మాది: శనివారానికి వేరుశెనక్కాయలు ఉడికించి ఇస్తానని మా ఆవిడ అంది, ఆదివారం దారిలో కాల్చిన తేగలు దొరికే కాలమే అది, తిరిగి వచ్చాక భీమిలిలో చేపల పులుసు. నువ్వు రైలెక్కేటప్పుడు ఇవ్వడానికి మాడుగుల హల్వా తెప్పించి ఉంచుతాను, నా వాటా మీ ఆవిడకే ఇస్తాను కనుక డాక్టరుకు చెప్పనక్కరలేదు.

ఈలోగా నువ్వు చేయవలసిన పని ఒకటుంది. మీ అపార్ట్‌మెంటు కింద అబ్బాయి సైకిలు తీసుకుని, రోజూ పదిహేను నిమిషాలు రెండే రెండు అభ్యాసాలు చెయ్యి. రెండు బ్రేకులనూ ఒకేసారి మెల్లగా నొక్కి, అనుకున్న గీత దగ్గర ఆగడం ఒకటి; హ్యాండిల్ వంకరపోకుండా కుడి భుజం మీదుగా వెనక్కి చూడటం రెండోది. దూరం తొక్కడం ఎవరికైనా వస్తుంది. వెనక్కి చూడటం రాకపోతే మాత్రం నిన్ను రోడ్డు మీదికి రానివ్వను.

టికెట్లు తీసుకోగానే మీ ముగ్గురి ఎత్తులు, పాదం నుంచి గజ్జ దాకా కాలి పొడవులు సెంటీమీటర్లలో రాసి పంపు. చెల్లెమ్మ కొలత ఆమెనే రాయమను. నువ్వు రాస్తే ఉజ్జాయింపుగా రాస్తావు. అద్దె దుకాణం ఆయన చిన్న ఫ్రేములు రెండే ఉన్నాయని, వారం ముందు చెప్పకపోతే అవి వేరెవరైనా తీసుకుపోతారని మరీ మరీ చెప్పాడు.

నీ రాక కోసం ఎదురుచూస్తూ,

నీ మిత్రుడు